శిబిరంలో పుట్టిన వ్యూహం: రహీమ్ సాబ్ కాలపు ఫుట్‌బాల్

1952 జులైలో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన ఫుట్‌బాల్ జట్టును 10-1 తేడాతో చిత్తుగా ఓడించింది. 1962 సెప్టెంబర్ 4న జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మన జట్టు బంగారు పతకం మెడలో వేసుకుంది. రెండుసార్లూ జట్టుకు కోచ్ ఒక్కరే. ఆయన హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఈ పదేళ్లలో మన ఆట ఎక్కడ మారింది, ఎలా మారింది అని వెతుకుతూ పోతే, సమాధానం పోటీల్లో కన్నా పోటీలకు ముందు సాగిన సాధనలోనే ఎక్కువగా దొరుకుతుంది.

ఫుట్‌బాల్ మొదట్లో దాడి ఆట. గోల్‌కీపర్ ముందు ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, వాళ్ల ముందు ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ఆపైన వరసగా ఐదుగురు ఫార్వర్డ్‌లు నిలబడేవారు. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన సడలాక ఫార్వర్డ్‌లను ఆపడం ఇద్దరు బ్యాక్‌ల వల్ల కాలేదు. ఇంగ్లాండ్‌లో ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ మధ్య హాఫ్‌బ్యాక్‌ను వెనక్కి దించి రక్షణ వరసలో మూడో మనిషిని నిలిపాడు. మన మైదానాల్లో మాత్రం పాత పద్ధతే చాలాకాలం నడిచింది. ఉత్తకాళ్లతో బంతిని అట్టే పెట్టుకుని, ఇద్దరు ముగ్గురిని తప్పించుకుపోయేవాడికే చప్పట్లు పడేవి.

రహీమ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి జట్టుకు ఆడి, నగరంలోని పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. 1940వ దశకంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది.

పంతులుగారి మార్కు అసలు కనిపించేది ఆయన నడిపిన చిన్న చిన్న టోర్నమెంట్లలో. ఒకదానిలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితోనే పాస్ ఇవ్వాలి, ఎడమకాలితోనే గోల్ కొట్టాలి. ఇంకొకదానిలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే పక్కవాడికి పంపేయాలి. పిల్లలకు ఎత్తును బట్టి పోటీలు, ఇరుకు మైదానంలో ఐదుగురేసి ఆడే పోటీలు కూడా ఉండేవి. చూసేవారికి వినోదంగా ఉన్నా, ఇవన్నీ కాళ్లకు చెప్పిన పాఠాలే. ఏళ్ల తరబడి ఇలా ఆడినవాడికి బంతి ఏ కాలి దగ్గరికి వచ్చినా తడబాటు ఉండదు. తలెత్తి చూడటం, తొందరగా వదలడం అలవాటైపోతుంది.

ఈ పాఠం విలువ దేశానికి హెల్సింకిలో తెలిసింది. 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి వచ్చిన జట్టు అది. చలిలో మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతోనే బరిలోకి దిగారు. యుగోస్లావియాపై మనకు దక్కిన ఒక్క గోల్‌ను చివర్లో అహ్మద్ ఖాన్ కొట్టాడు. ఆ ఓటమి తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీమ్ దృష్టి బూట్ల దగ్గర ఆగలేదు. ఆటగాళ్లు నిలబడే చోట్లే మారాలని ఆయన గ్రహించారు.

1953 నవంబర్‌లో హంగరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లాండ్‌ను 6-3తో ఓడించింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి ముందుండకుండా వెనక్కి జారి ఆడటంతో, అతణ్ని ఎవరు కాయాలో ఇంగ్లాండ్ డిఫెండర్లకు అంతుపట్టలేదు. ఆ ధోరణే 4-2-4 అమరికకు దారితీసింది. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్ గెలిచాక ఇది లోకమంతా తెలిసింది. అంతకు ముందే రహీమ్ మన జట్టును ఈ దారి పట్టించారు. ఈ అమరికలో భారమంతా మధ్యనున్న ఇద్దరిదే. దాడికీ వాళ్లే వెళ్లాలి, రక్షణకూ వాళ్లే పరుగెత్తి రావాలి. బంతిని పట్టుకు కూర్చుంటే మొత్తం కూలిపోతుంది. హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు ఎందుకు పెట్టారో ఇక్కడ అర్థమవుతుంది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఫలితం కనిపించింది. ఆతిథ్య ఆస్ట్రేలియాపై 4-2తో గెలిచిన మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో తంగరాజ్, బలరామ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి మన జంట నగరాల బిడ్డలున్నారు. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1గా నిలిచి, బలమైన హంగరీ చేతిలో 2-1తో మాత్రమే ఓడారు. హెల్సింకి నుంచి ఎంత దూరం వచ్చామో ఆ అంకెలే చెబుతాయి.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ అతణ్ని పక్కన కూర్చోబెట్టకుండా, సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. అతడు గోల్ కొట్టాడు. ఫైనల్లోనూ అదే స్థానం. పోటీకి ఆతిథ్యమిచ్చిన ఊరి జనం మనపై కోపంగా ఉన్నారు. నిండిన స్టేడియంలో మన జట్టుకు ఎగతాళే ఎదురైంది. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ, 20వ నిమిషంలో కట్టు కట్టిన తలతో జర్నైల్ గోల్స్ చేశారు. వెనక అతడి ఖాళీని అరుణ్ ఘోష్ కాశాడు. ఒకరి చోటు మరొకరు తీసుకోగల జట్టుకే ఇది సాధ్యం. అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయంలా కనిపించినా, దాని వెనక ఏళ్ల సాధన ఉంది.

అప్పటికే రహీమ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆయన నాటిన విత్తనం కొన్నాళ్లు కాసింది. 1964లో ఆసియా కప్ రన్నరప్, 1970 ఆసియా క్రీడల్లో హైదరాబాదీ నయీముద్దీన్ సారథ్యంలో కాంస్యం వచ్చాయి. తర్వాత పంట ఎండిపోయింది. 1960 తర్వాత మన పురుషుల జట్టు ఒలింపిక్స్ ముఖమే చూడలేదు.

ఈ మధ్య కాలంలో హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచి, స్పెయిన్ కోచ్ మానొలో మార్క్వెజ్ వచ్చాక రెండేళ్లలో 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఓపిగ్గా జట్టును మలిస్తే ఏమవుతుందో మళ్లీ చూశాం. కానీ గల్లీ కుర్రాళ్లకు ఎడమకాలి టోర్నమెంట్ పెట్టేవారు ఇవాళ మన ఊళ్లలో ఎందరున్నారు? వేసవి సెలవుల్లో ఒక ఖాళీ స్థలం, ఒక బంతి, ఓపికున్న ఒక పంతులు ఉంటే మొదలుపెట్టొచ్చు. రహీమ్ సాబ్ మొదలుపెట్టింది కూడా అలాగే.