అరిగిన వేళ్లు, అడిగే మిషన్లు

చదువు రాని మనిషిని చులకన చెయ్యడానికి మన భాషలో ఒక మాట ఉంది: వేలిముద్రగాడు. తెలంగాణలో నిశానిగాడు. ఈ మాట ఎవరిని చూసి పుట్టిందో విడమరిచి చెప్పక్కర్లేదు. తరతరాలు బడి గడప తొక్కనివ్వనివాళ్లే ఆ తర్వాత సంతకం రాదని ఎగతాళి చేశారు. వాడల్లో రాత్రిబళ్లు పెట్టుకుని, పలకలు పట్టుకుని మనోళ్లు సంతకం నేర్చుకున్నారు. తీరా నేర్చుకున్నాక రేషన్ షాపు ముందు వినబడే మాట 'సంతకం వద్దు, వేలు పెట్టు' అని. పెడితే, ఆ వేలు ఆ మనిషిది కాదంటుంది మిషను.

టెక్నాలజీ గురించి చదువుకున్నవాళ్లు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఒక పక్షం వాళ్లేమంటారంటే, మిషనుకు కులం తెలియదు, ముఖం చూడదు, లంచం అడగదు, కాబట్టి దళితులకు దానికి మించిన మిత్రుడు లేడు. రెండో పక్షం వాళ్లు యంత్రం మనిషిని మింగేస్తుందనీ, పాత పల్లె బతుకే మేలనీ నిట్టూరుస్తారు. ఈ రెండు పక్షాల్లోనూ ఎక్కువగా మాట్లాడేవాళ్ల వేళ్లు మాత్రం నున్నగా, గీతలు చెదరకుండా ఉంటాయి. కలుపు తీసిన వేళ్లు, సున్నం కలిపిన వేళ్లు, బీడీలు చుట్టిన వేళ్లు ఈ వాదనలో ఎక్కడున్నాయి? అందుకే మేం ఈ చరిత్రను వేలు పక్క నుంచి చూడదలిచాం.

వేలిముద్రను పాలనా సాధనంగా మార్చింది లండన్ నగరం కాదు, వలస భారతదేశం. 1857 తిరుగుబాటు మరుసటి ఏడు, 1858 జూలైలో, బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే కంపెనీ అధికారి రోడ్డుకు కంకర సప్లై చేసే రాజ్యధర్ కోనాయ్ చేత కాంట్రాక్టు కాగితం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. రేపు ఈ సంతకం నాది కాదని అతను ఎదురుతిరగకుండా భయపెట్టడం తన ఉద్దేశమని హెర్షెలే తర్వాత రాసుకున్నాడు. అంటే మొదటి ముద్రలో ఉన్నది గుర్తింపు కాదు, అనుమానం. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉండగా అతనే ఈ పద్ధతిని మూడు చోట్ల ప్రవేశపెట్టాడు: పింఛన్ల దగ్గర, దస్తావేజుల రిజిస్ట్రేషన్ దగ్గర, జైలు దగ్గర. చచ్చిపోయినవాడి పేరున ఇంకొకడు పింఛను తింటున్నాడన్నది అప్పటి వాదన. 'బోగస్ లబ్ధిదారులు' అని మనం ఇవాళ వింటున్న మాటకు దాదాపు నూట యాభై ఏళ్ల వయసుందని గమనించాలి.

ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ వేలిముద్రల మీద 1892లో పెద్ద పుస్తకం వేశాడు. మనుషుల్లో మేలుజాతి పెంపకం గురించి 'యూజెనిక్స్' అనే మాటను 1883లో పుట్టించింది ఈయనే. వేలి గీతల్లో జాతి తేడాలు కనబడతాయేమోనని ఇంగ్లీషువాళ్లవీ, యూదులవీ, నల్లవాళ్లవీ ముద్రలు పోల్చి చూశాడు. ఫలానా జాతికి ఫలానా గీత అని చెప్పగలిగిందేమీ దొరకలేదు. పుట్టుకను బట్టి మనుషుల్ని మెట్లెక్కించాలనుకున్నవాడికే వేలు ఎదురుసాక్ష్యం చెప్పింది. ఈ సంగతి మనకు చాలా ముఖ్యం. వేలి మీద పుట్టుక ఏ కులాన్నీ రాయలేదు. మరి వేళ్ల మధ్య తేడా ఎక్కడ నుంచి వచ్చింది? పని నుంచి వచ్చింది. ఆ పనిని పంచింది కులం. లందలో సున్నపు నీళ్లలో తోళ్లు నానబెట్టినవాళ్లు, రేవులో బట్టలు ఉతికినవాళ్లు, బట్టీల్లో ఇటుకలు మోసినవాళ్లు, పత్తి ఏరినవాళ్లు, చీపురూ పారా పట్టినవాళ్లు - గీతలు అరిగేది వీళ్లకే. వయసు పైబడ్డ కొద్దీ చర్మం పలచబడి ఆ మిగిలిందీ పోతుంది. కాబట్టి మిషనుకు కులం తెలియకపోవచ్చు గానీ, కులం చేసిన పని మాత్రం దానికి తగులుతూనే ఉంటుంది.

ముద్రల్ని వర్గీకరించి వెతికే పద్ధతిని కలకత్తాలో ఎడ్వర్డ్ హెన్రీ అనే పోలీసు పెద్ద కింద అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు ఉద్యోగులు లెక్కలు కట్టి సాధించారు. 1897లో అక్కడ వేలిముద్రల బ్యూరో వచ్చింది. 1901లో అదే పద్ధతి లండన్ పోలీసులకు చేరింది. పేరు మాత్రం 'హెన్రీ పద్ధతి'. పని ఒకరిది, పేరు ఒకరిదయ్యే కథ మనకు కొత్తది కాదు.

ఈ విద్య ముందుగా ఎవరి మీద ప్రయోగమైంది? 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాష్ట్రంతో సహా అంతటికీ విస్తరించారు. తెగ మొత్తాన్ని పుట్టుకతో నేరస్థులుగా ప్రకటించడం, పేర్లు రిజిస్టరుకు ఎక్కించడం, వేలిముద్రలు తీసుకోవడం, పోలీసులకు హాజరు పలికించడం ఆ చట్టంలోనే ఉన్నాయి. ఎరుకల వాళ్లను అప్పటి గుంటూరు జిల్లా స్టువార్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. కానీ రిజిస్టరు పోయినా చూపు పోలేదు. సంచారం చేసే మనిషిని చూస్తే దొంగ అనుకునే చూపు ఆ ముద్రల పుస్తకాల్లో ముదిరిందే.

ఇంకోవైపు ఊళ్లో దొర దగ్గర, షావుకారు దగ్గర వేలిముద్ర మరో పని చేసింది. ప్రోనోటు మీద ఏముందో చదవలేని పాలేరు చేత ముద్ర వేయించుకుని ఏళ్లకేళ్లు జీతం కింద కట్టేసుకున్నారు. వెట్టి చాకిరీ నిషేధ చట్టం 1976లో వచ్చింది. అసైన్డ్ భూములు చేతులు మారకుండా 1977లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేయాల్సి వచ్చింది. ప్రభుత్వం పట్టా ఇచ్చిన ఎకరం, అరెకరం ఎట్లా జారిపోయాయని అడిగితే చాలా ఇళ్లలో వచ్చే జవాబు ఒకటే: 'ఏదో కాయితం మీద ఏలేయించుకున్నారు.' ఏకలవ్యుడి బొటనవేలు ఒక్కసారే తెగింది. మనోళ్ల బొటనవేలు కాయితం కాయితానికీ తెగింది. అప్పట్లో వేలు ముద్ర పడితే పోయేది. ఇప్పుడు పడకపోతే పోతున్నది.

అయితే యంత్రమే మనకు శత్రువా? కాదు. ఈ విషయంలో అంబేద్కర్ దారి స్పష్టంగా ఉంది. గాంధీ 1909లో 'హింద్ స్వరాజ్'లో యంత్ర నాగరికతను నిందించాడు. అంబేద్కర్ 1945లో కాంగ్రెసూ గాంధీ అంటరానివాళ్లకు ఏం చేశారో లెక్కగట్టిన పుస్తకంలో దానికి జవాబు చెప్పాడు. మనిషి పశువులా చాకిరీ చెయ్యకుండా తీరిక పొందాలంటే, తీరికతో సంస్కృతి సంపాదించాలంటే యంత్రం కావాల్సిందేనన్నాడు. యంత్రం వల్ల చెడు జరిగితే తప్పు యంత్రానిది కాదు, దాన్ని కొందరి సొత్తు చేసిన సమాజానిదన్నది ఆయన వాదన. మేం నిలబడేది ఈ చోటే. అందుకే 'మిషను మంచిదా చెడ్డదా' అనే ప్రశ్న మాకు పనికిరాదు. మిషను ఎవరి చేతిలో ఉంది, అది తప్పు చేస్తే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అన్నదే ప్రశ్న.

డీలర్ల సంగతి మనకు తెలియనిదా? దొంగ ముద్రలు వేసుకుని బియ్యం నల్లబజారుకు తోలిన డీలర్లు, కూలీల మస్టర్లలో లేని పేర్లు రాసుకున్న పెద్దలు ఊరూరా ఉన్నారు. వాళ్లలో మన వాడవాళ్లు ఎందరో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ పెత్తనం తప్పించుకోవడానికి మిషను వస్తే మనోళ్లు సంతోషించడంలో వింతేముంది?

ఆధార్ సంస్థ 2009 జనవరిలో ఏర్పడింది. మొదటి నంబరు 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా టెంభ్లీ అనే ఆదివాసీ గ్రామంలో ఒక స్త్రీకి ఇచ్చారు. గుర్తింపు లేనివాళ్లకు గుర్తింపు ఇస్తామన్నది అప్పటి మాట. అది హక్కులాంటి మాట. కొన్నేళ్లలోనే ఆ మాట తిరగబడింది. గుర్తింపు రుజువు చేస్తేనే తిండి అన్నారు. 2016లో చట్టం చేశారు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల్లో నలుగురు సంక్షేమ పథకాలకు ఆధార్ అడగడం సబబేనన్నారు. జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరే కాదన్నారు.

ఆ కేసు నడుస్తుండగా ఆధార్ సంస్థే ప్రభుత్వ సేవల్లో వేలూ కన్నూ సరిపోలేది 88 శాతం అని కోర్టుకు చెప్పింది. చదువుకున్నవాళ్ల వాదనల్లో 88 అంటే డిస్టింక్షన్ మార్కు. రేషన్ షాపు క్యూలో మిగిలిన 12 అంటే ఏమిటి? నూరుసార్లు వేలు పెడితే పన్నెండుసార్లు కాదు పొమ్మనడం. మళ్లీ పెట్టు, చెయ్యి కడుక్కుని పెట్టు, రేపు రా అంటారు. రేపు వస్తే ఆ పూట కూలి పోతుంది. 

ఇక్కడ మిషను లోపల జరిగేది కాస్త తెలుసుకోవాలి. 'ఈ వేలు వీడిదే' అని ఏ మిషనూ తేల్చి చెప్పదు. దాచిన ముద్రకూ పెట్టిన ముద్రకూ ఎంత పోలిక ఉందో ఒక లెక్క కడుతుంది. ఎంత పోలిక ఉంటే చాలో, ఆ గీత ముందే మనుషులు గీసి పెడతారు. గీత కిందికి దించితే కొందరు కానివాళ్లు దూరతారు. పైకి జరిపితే కొందరు అసలువాళ్లు బయటపడతారు. రెండు తప్పులూ ఒకేసారి సున్నా కావు. ఏ తప్పును భరించాలి? దొంగకు ఐదు కిలోలు పోతే పోనీ, ఆకలిగొన్నవాడు ఖాళీ సంచితో వెళ్లకూడదు అనుకుంటారా? లేక దొంగకు గింజ కూడా పోకూడదు, అసలువాడు పస్తున్నా సరే అనుకుంటారా? ఇది ఇంజనీరింగు ప్రశ్న కాదు, రాజకీయ ప్రశ్న. సాఫ్ట్‌వేర్ భాషలో అరిగిన వేలును అంచున మిగిలిపోయిన కేసు అంటారు. ఊరి అంచున ఎవరుంటారో మనకు తెలుసు.

రెండు రాష్ట్రాల అనుభవం పక్కపక్కన పెడితే విషయం తేలుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి కూలీకీ పింఛన్లకూ వేలిముద్రతో స్మార్ట్‌కార్డులు తెచ్చారు. మురళీధరన్, నీహాస్, సుఖ్‌టాంకర్ అనే ఆర్థికవేత్తలు 158 మండలాల్లో చేసిన అధ్యయనం 2016లో అచ్చయింది. కూలి త్వరగా అందిందనీ, మధ్యలో కారిపోయేది తగ్గిందనీ అందులో తేలింది. అయితే కార్డు లేదని అక్కడ ఎవరి కూలీ ఆపలేదు. చెల్లింపుల్లో దాదాపు సగం పాత పద్ధతిలోనే సాగాయి. ఆ ఆర్థికవేత్తలే జార్ఖండ్ రేషన్ మీద చేసిన అధ్యయనంలో, వేలిముద్ర తప్పనిసరి చేసినచోట ఆధార్ కలపని కుటుంబాలు రేషన్ నష్టపోయాయనీ, మొదట్లో దొంగతనం మాత్రం తగ్గలేదనీ తేలింది. అదే జార్ఖండ్‌లో సిమ్‌డేగా జిల్లాలో 2017 సెప్టెంబరు 28న సంతోషి కుమారి అనే పదకొండేళ్ల పిల్ల చనిపోయింది. ఆధార్ కలపలేదని వాళ్ల రేషన్ కార్డు అప్పటికే తీసేశారు. ఆకలితో పోయిందని తల్లి చెప్పింది. మలేరియా అని ప్రభుత్వం చెప్పింది. తల్లి మాటకు ఏ మిషనూ సాక్ష్యం పలకదు.

మిషను ఒకటే, వేలు ఒకటే. తేడా ఎక్కడుంది? 'పడకపోయినా ఇవ్వు' అన్న చోటుకూ, 'పడితేనే ఇవ్వు' అన్న చోటుకూ మధ్య ఉంది.

తెలంగాణలో సంగతి ఇంకో అడుగు ముందుకు పోయింది. అక్కడ వేలు పెట్టమని అడిగే పని కూడా లేకుండా, సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ రకరకాల ప్రభుత్వ లెక్కల్లో పేర్లు జతచేసి ఎవరికి కారుంది, ఎవరికి ఆస్తి ఉంది అని తనే తేల్చింది. రాష్ట్రం వచ్చాక కొన్నేళ్లలో సుమారు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒక ముస్లిం కుటుంబానికి కారు ఉందని తేల్చి కార్డు తీసేశారు. కారు అలాంటి పేరే ఉన్న మరొకాయనది. మన పల్లెల్లో ఎల్లయ్యలెందరు, పోచమ్మలెందరు? ఊళ్లో అందరికీ ఏ ఎల్లయ్య ఎవరో తెలుసు. కంప్యూటరుకు తెలియదు. కేసు సుప్రీంకోర్టుకు పోతే, రద్దు చేసినవాటిని ఇంటింటికీ పోయి విచారించమని 2022 ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది. ఇంటికి పోయి అడగడమన్నది కార్డు తీసేసే ముందు చెయ్యాల్సిన పని.

ఉపాధి పనుల్లో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండు ఫొటోలతో ఫోన్‌లోనే హాజరు వెయ్యడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని గుట్ట మీద తట్ట మోసిన చెమట హాజరుకు ఎక్కకపోతే ఆ రోజు కూలి ఎవరిస్తారు? ఆఫీసులో కూర్చున్న అధికారి కూలీల ఫొటో అడిగాడు గానీ, ఆలస్యమైన కూలీకి జవాబుదారీగా తన ఫొటో ఎక్కడా పెట్టలేదు. హాజరు పలకాల్సింది ఎప్పుడూ కిందివాడే. 1911లో పోలీసు ముందు పలికించిన హాజరుకూ దీనికీ చట్టాలు వేరు, కాలాలు వేరు. చూపు మాత్రం చుట్టమే.

కాబట్టి మా వాదన మిషన్లు పగలగొట్టమని కాదు. డీలరు దయకు తిరిగి పోదామని అంతకన్నా కాదు. వేలు పడకపోతే బియ్యం ముందు ఇవ్వాలి, విచారణ తర్వాత చేసుకోవాలి. కార్డు తీసేసేముందు ఎందుకు తీస్తున్నారో తెలుగులో కాగితం రాసి చేతికివ్వాలి. ఏ సాఫ్ట్‌వేర్ ఏ లెక్కతో తేల్చిందో గ్రామసభలో చదివి వినిపించాలి. పోలిక గీత ఎక్కడ గియ్యాలో చర్చించే బల్ల దగ్గర ఆ వేళ్లున్నవాళ్లు కూర్చోవాలి. మిషను పొరపాటుకు పస్తు పడుకోవాల్సింది పేదవాడు కాదని ప్రభుత్వం ఒప్పుకోవాలి.

నూట అరవై ఏళ్లుగా రాజ్యం మన వేళ్లను చూస్తున్నది నువ్వు నువ్వేనా అని అడగడానికే. ఆ వేళ్లు ఏం పని చేసి అరిగాయని ఒక్కసారీ అడగలేదు. అరిగిన వేలు మోసానికి గుర్తు కాదు, ఈ దేశపు రోడ్లకూ పంటలకూ అది వేసిన సంతకం. ఆ సంతకాన్ని చదవలేనిది మిషను ఒక్కటే కాదు.