ఎవరెస్ట్ ఎవరిది?

చూడండి, మ్యాప్‌లో నేపాల్-చైనా బోర్డర్ లైన్ పట్టుకుని వెళ్తే అది సరిగ్గా ఎవరెస్ట్ శిఖరం మీదుగా పోతుంది. దక్షిణ వాలు నేపాల్‌ది, ఉత్తర వాలు టిబెట్ వైపు, అంటే చైనా చేతిలో. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎక్కింది ఆ ఉత్తరం వైపు నుంచే.

ఈ లైన్ ఎప్పటినుంచో ఉన్నదేం కాదండీ. 1960లో చైనా కొండ మొత్తం మాదే అంది, ఖాట్మండులో జనం రోడ్డెక్కారు. 1961 అక్టోబర్ 5 నాటి ఒప్పందంతో శిఖరం ఇద్దరిదీ అయింది.

ఎత్తు మాత్రం తేలలేదు. 2005లో చైనా మంచు కింద రాయి వరకే లెక్కేసి 8,844.43 మీటర్లు అంది. నేపాల్ మాత్రం మంచుతో కలిపి 8,848 దగ్గరే నిలబడింది. కొలత తప్పని కాదు, ఎక్కడి వరకు కొలవాలన్నదే గొడవ. చివరికి 2020 డిసెంబర్ 8న ఇద్దరూ కలిసి ఒకే నంబర్ చెప్పారు: 8,848.86. మంచు కలిపే.