గజ్జి మందు మల్లెతోటకు వచ్చిన దారి

మల్లెతోటలో కోత ఒక్కనాటితో తీరేది కాదు. మార్చిలో మొగ్గ పడితే ఎండలు తగ్గేదాకా రోజూ తెల్లవారకముందే తోటలోకి దిగాలి. మొగ్గ విచ్చుకుంటే ధర పడిపోతుంది. పత్తికో మిరపకో మందు కొట్టాక డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగి కోసుకోవచ్చు, మల్లెకు ఆ వెసులుబాటు లేదు. సాయంత్రం కొట్టిన మందు మర్నాటికి ఎవరి జడలోనో ఉంటుంది, చంకలోని పసిపిల్ల ముక్కుకు తగులుతుంది. అందుకే పూలతోటకు నల్లి పడితే ఏం కొట్టాలన్నది చిన్న ప్రశ్న కాదు. దానికి దొరికిన జవాబుల్లో బాగా పాతది, సేంద్రియ సాగు నియమాలు ఇప్పటికీ ఒప్పుకుంటున్నది గంధకం. అది మనిషి ఒంటి మీద మొదలై, గొర్రె ఉన్ని మీదుగా మొక్కలకు చేరింది.

నల్లి మామూలు పురుగుల జాతిది కాదు. పెద్దదైతే ఎనిమిది కాళ్లుంటాయి, సాలీడుకు దగ్గరి చుట్టం. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. ఆకు మీద సన్నని తెల్లచుక్కలు లేచి, తర్వాత పసుపు తిరిగి, చివరికి కంచురంగుకు మారి రాలుతుంది. అనుమానం వస్తే ఆకు కింద తెల్లకాగితం పట్టి కొమ్మను తట్టాలి. రాలిన నలకల్లో కొన్ని కదులుతాయి. వేలితో రుద్దితే కాగితం మీద ఎర్రటి గీత పడుతుంది. మల్లెకు ఇంకో రకం నల్లి కూడా ఉంది. అది కంటికి ఆనదు కానీ ఆకుల మీద, లేత కొమ్మల మీద, మొగ్గల మీద తెల్లటి నూగు లేపుతుంది. నూగు పట్టిన మొగ్గ ఎదగదు.

మనిషికి వచ్చే గజ్జి కూడా ఒక నల్లి పనే. ఆ సంగతి తేలకముందే, రోమన్ల కాలం నుంచీ గజ్జికి గంధకం పూసేవారు. 1687లో ఇటలీ వైద్యుడు బొనోమో, మందుల తయారీదారు చెస్తోనితో కలిసి రోగి చర్మం నుంచి ఆ జీవిని బయటికి తీసి, సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మ గీశాడు. ఒక జబ్బుకు ఫలానా ప్రాణి కారణమని కళ్లతో చూసి చెప్పిన తొలి సందర్భాల్లో అదొకటి. వైద్యలోకం చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు, జనం మాత్రం గంధకాన్ని వదల్లేదు. గొర్రెలకు వచ్చే గజ్జికీ నల్లే కారణం కాబట్టి కాపరులు సున్నం, గంధకం కలిపి కాచిన నీళ్లలో మందలను ముంచేవారు.

ఇటు తోటల్లో గంధకానికి పేరొచ్చింది బూజు వల్ల. 1845లో ఇంగ్లండులోని మార్గేట్‌లో టక్కర్ అనే తోటమాలి ద్రాక్ష ఆకుల మీద కొత్తగా బూడిద తెగులు కనిపెట్టి, గంధకం, సున్నం కలిపి కొట్టి చూశాడు. కొన్నేళ్లకే ఆ తెగులు ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని చుట్టేసింది. 1850ల మొదట్లో వెర్సాయ్ తోటల్లో పనిచేసే గ్రీసాన్ గంధకాన్ని, సున్నాన్ని నీళ్లలో కాచి పిచికారీకి వీలైన ఎర్రటి ద్రవం తయారుచేశాడు. 1880ల్లో కాలిఫోర్నియా రైతులు గొర్రెలు ముంచే నీళ్లనే పండ్లచెట్ల మీద కొట్టి, పొలుసు పురుగు చావడం చూశారు. అలా కాపరి తొట్టి, తోటమాలి పిచికారీ ఒకటయ్యాయి.

ఇంత చరిత్ర ఉన్న మందును డీడీటీ వచ్చాక పాతచింతకాయ పచ్చడిలా పక్కన పెట్టారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆపిల్ తోటల్లో జరిగింది చూస్తే బాధ కలుగుతుంది. డీడీటీ నల్లిని చంపలేదు. నల్లిని తిని బతికే అక్షింతల పురుగుల్ని, మేలుచేసే నల్లుల్ని చంపింది. అప్పటిదాకా చిల్లర బెడదగా ఉన్న నల్లి పెద్ద తెగులై కూర్చుంది. ఎండాకాలంలో దాని తరం పది రోజుల్లోపే పూర్తవుతుంది. కొత్త మందుకు కొన్ని బతికి బయటపడితే, వాటి సంతానంతో తోట నిండడానికి ఒక్క సీజన్ చాలు. నల్లి కోసమే డీడీటీ అణువును మార్చి తయారుచేసిన డైకోఫాల్ 1950ల్లో బజారుకొచ్చింది. 2019లో దాన్ని స్టాక్‌హోమ్ ఒప్పందం నిర్మూలించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చింది. మరో సంగతి 2011లో జన్యుపటం తీశాక బయటపడింది. ఎర్రనల్లిలో విషాన్ని విరిచేసే జన్యువులు అసాధారణంగా ఎక్కువ. నల్లి మనం తెచ్చిపెట్టుకున్న బెడద అనడానికి నాకు వెనుకాడాల్సిన పని కనిపించదు.

నల్లికి దొరికిన మరో జవాబు వేప, దాని సంగతి వేరు. మన ఇళ్లలో ధాన్యం గాదెల్లో వేపాకు వేయడం తాతల నాటి అలవాటు. పొలానికి దాని సత్తా తేల్చి చెప్పింది ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ అనే శాస్త్రవేత్త. 1962లో మిడతల దండు దిగినప్పుడు వేపగింజల నీళ్లు కొట్టిన పైరును మిడతలు ముట్టలేదు. 1968లో ఇంగ్లండులో వేపగింజ నుంచి అజాడిరక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. దెబ్బకు చంపేయడం దాని పని కాదు, అది మేతను మాన్పించి ఎదుగుదలను ఆపుతుంది. ఎండకు త్వరగా విరిగిపోతుంది కాబట్టి పొద్దువాలాకే కొట్టాలి. 5 కిలోల వేపపప్పు దంచి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి వడకట్టి, కాస్త సబ్బునీళ్లు చేర్చి 100 లీటర్లు చేస్తే ఎకరం తోటకు మొదలుపెట్టవచ్చు.

మల్లెతోటలో గంధకానికి, వేపకు వేర్వేరు వేళలున్నాయి. చలికాలంలో నీళ్లు ఆపి ఆకు రాల్చి, కొమ్మలు కత్తిరిస్తారు. కొన్నిచోట్ల ఆకు మేయడానికి గొర్రెలను తోలతారు. నూగు పట్టిన కొమ్మల్ని అప్పుడే తోట బయటికి తీసుకెళ్లి కాల్చేయాలి. చిగురు వేశాక, మొగ్గ రాకముందే గంధకం పని అయిపోవాలి. నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ఎండ ముదిరాక కొడితే ఆకు మాడుతుంది. మొగ్గ వచ్చాక కొడితే పూలకు తెల్లటి మరక, గంధకపు వాసన పట్టి బజారులో వెనక్కి వస్తాయి. కోతలు మొదలయ్యాక వేప కషాయమే దారి, అదీ ఆ రోజు కోత ముగిశాక. గంధకం కొట్టిన రెండు వారాల్లోపు వేపనూనె తాకించకూడదు, రెండూ కలిస్తే లేత ఆకు కాలిపోతుంది. గంధకం మేలుచేసే నల్లులకు కూడా కొంత చేటే, అవసరం లేనిదే పంపు ఎత్తకూడదు. గుడ్డును అది చంపదు కాబట్టి తెల్లకాగితం పరీక్ష వారం తర్వాత మళ్లీ చేసి, నలకలు కదిలితేనే రెండో పిచికారీకి పోవాలి.