ఎర్రకణం దాచుకున్న లెక్క

నేను 1981లో ల్యాబ్ పనిలో చేరినప్పుడు షుగర్ పరీక్షంటే స్పిరిట్ దీపం, పరీక్షనాళిక, బెనెడిక్ట్ ద్రావణం. అయిదు మిల్లీలీటర్ల నీలి ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచేవాణ్ణి. నీలంగానే ఉంటే మూత్రంలో షుగర్ లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుకరంగు తిరిగితే బాగా ఎక్కువున్నట్టు. పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం మాని, జొన్నరొట్టె తిని వచ్చే పెద్దాయన ఒకరుండేవారు. "చూశావా బాబూ, నీలమే!" అని మురిసిపోయేవారు. కాలి పుండు మాత్రం మానేది కాదు.

ఆయన గుట్టు బయటపెట్టే సంగతి అప్పటికే తేలింది. మా ఊరిదాకా రాలేదంతే. టెహరాన్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ రహ్బర్ రోగుల రక్తంలో అసాధారణ హిమోగ్లోబిన్ల కోసం వెదికేవారు. జెల్ మీద కరెంటు పెడితే కొందరి రక్తంలో ఒక పట్టీ మామూలుకంటే ముందుకు పరుగెత్తింది. ఆరా తీస్తే వాళ్ళు షుగర్ రోగులు. మరో 47 మంది షుగర్ రోగులను చూస్తే అందరిలోనూ అదే పట్టీ. 1968లో ఆ సంగతి ప్రకటించారు. ఆ హిమోగ్లోబిన్‌ను 1958లోనే వేరుచేశారు గాని, షుగరుతో దాని చుట్టరికం చూపింది రహ్బరే.

ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. గ్లూకోజ్ లోపలికి రావడానికి ఇన్సులిన్ అనుమతి అక్కర్లేదు. వచ్చిన గ్లూకోజ్ హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది. దోసె ఎర్రబడేది కూడా ఈ జాతి చర్యతోనే. 1912లో మయ్యార్ అనే రసాయనవేత్త వర్ణించినది అదే. అక్కడ పెనం మీద నిమిషాల్లో అయ్యేది, ఇక్కడ ఒంటి వేడికి వారాలు పడుతుంది. అందుకే షుగర్ అతుక్కున్న హిమోగ్లోబిన్ ఎంత శాతముందో కొలిస్తే, రెండు రోజుల పథ్యం కాక గడిచిన వారాల షుగర్ లెక్క బయటపడుతుంది.

1976లో న్యూయార్క్‌లో కోనిగ్, చెరామీ బృందం అయిదుగురు రోగుల్లో షుగర్ అదుపుచేస్తే ఈ శాతం అంకె దిగుతుందని చూపింది. 1,441 మందితో అమెరికా, కెనడాల్లో జరిగిన అధ్యయనం 1993లో దానికి పట్టం కట్టింది: ఆ అంకె సగటును 9 శాతం నుంచి 7 దగ్గరికి దించితే కంటిజబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. 2010లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 6.5 శాతాన్ని జబ్బు నిర్ధారణకు గీతగా పెట్టింది.

మా ల్యాబ్‌కు ఈ పరీక్ష వచ్చేసరికి పెద్దాయన లేరు. ఉంటే ఆ రెండు రోజుల జొన్నరొట్టె ఎత్తు పారేది కాదు. అలాగని అంకెను గుడ్డిగా నమ్మకండి. కణాలు ముందే చితికిపోయే రక్తహీనతలో అది తక్కువ చూపుతుంది. ఇనుము లోపముంటే ఎక్కువ చూపవచ్చు. రిపోర్టు చేతికొచ్చినప్పుడు పక్కన హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా చూసుకోండి.