ముగ్గు, చెక్కముక్క, తాబేలు

మా సనత్‌నగర్ అనే ఏముంది, అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఏ సందులోకి తిరిగినా ఓ ప్లేస్కూలు బోర్డు కనిపిస్తుంది. మూడేళ్ళ పిల్లాడికి ఫ్లాష్‌కార్డు చూపిస్తే "ట్రయాంగిల్" అని టక్కున చెప్పేస్తాడు. మనం మురిసిపోతాం. అదే కార్డుని తలకిందులుగా తిప్పి చూపించండి, కాదనే పిల్లలు చాలామందే ఉంటారు. అంటే వాడికి వచ్చింది ఆకారం కాదు, ఆ కార్డు!

ఈ రోగం కొత్తదీ కాదు, మందు కొత్తదీ కాదు. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన చిన్నపిల్లల బడి పెట్టాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆయన పిల్లల చేతికిచ్చిన వాటిల్లో బంతి, ఘనం, స్థూపం ఉన్నాయి. బంతి ఎటైనా దొర్లుతుంది, ఘనం కదలకుండా కూర్చుంటుంది, స్థూపం రెండు పనులూ చేస్తుంది. అదే పాఠం.

1907లో రోమ్‌లో తొలి బడి తెరిచిన మాంటిస్సోరి ఇంకో అడుగు ముందుకేశారు. చెక్కపలకలో త్రికోణం, వృత్తం, చతురస్రం గుంటలు. ముక్క అంచుని వేళ్ళతో తడిమి, సరైన గుంటలో పెట్టాలి. తప్పు ముక్క దూరదు. టీచరు అరవక్కర్లేదు, ఎర్రర్ మెసేజ్ చెక్కే ఇస్తుంది :) పేరు చెప్పడం ఆ తర్వాతే.

ఎక్కడో విదేశాల గొడవ అనుకోకండి. ఆవిడ 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మనదేశంలోనే ఉండిపోయారు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిష్ వాళ్ళు ఆవిడ కొడుకు మారియోని కొన్నాళ్ళు నిర్బంధించారు. అయినా పాఠాలు ఆగలేదు. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. 1955లో విజయవాడలో కోటేశ్వరమ్మ గారు మాంటిస్సోరి పేరుతోనే బడి పెట్టారు.

ఇక మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతి. 1967లో పేపర్ట్, ఫ్యూర్జైగ్, సింథియా సాలమన్ కలిసి పిల్లల కోసం లోగో భాష తయారుచేశారు. తర్వాత దానికో తాబేలు తోడైంది. వంద అడుగులు నడువు, కుడికి తొంభై డిగ్రీలు తిరుగు, ఇలా నాలుగుసార్లు. చతురస్రం వచ్చేస్తుంది. పిల్లాడు తనే తాబేలై నడిచి చూసుకోవచ్చు.

ఇది ఎక్కడో చూసినట్టు లేదూ? చుక్కల ముగ్గు! 1974లో మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ ఈ ముగ్గులకి (అరవంలో కోలం) కంప్యూటర్ సైన్సు పద్ధతిలో వ్యాకరణం రాసి పేపర్ ప్రచురించారు. చుక్కలు లెక్కపెట్టడం, సమానంగా పేర్చడం, గీత ఎక్కడ తిప్పాలో ముందే ఊహించడం... అమ్మ పక్కన కూర్చున్న నాలుగేళ్ళ పిల్లకి ఫీజు లేకుండా దొరికిన చదువు అది.

ఇప్పుడు అపార్ట్‌మెంట్ గుమ్మాల ముందు ఎక్కువగా స్టిక్కర్ ముగ్గులే. గీసే చేయి పోయి బొమ్మ మాత్రం మిగిలింది. ఫ్లాష్‌కార్డుదీ అదే కథ. నన్నడిగితే ప్లేస్కూలుకి వెళ్ళినప్పుడు ఫీజు, ఏసీ గది కంటే ముందు ఒకటే అడగాలి: ఇక్కడ పిల్లల చేతికి ఏం ఇస్తారండీ? సమాధానం నచ్చకపోతే డాబా మీదకి ఓ సుద్దముక్క పట్టుకెళ్ళండి. మీరు కమాండ్లు ఇవ్వండి, వాణ్ణి తాబేలుని చెయ్యండి. ఆ తర్వాత మీరు తాబేలు, వాడు ప్రోగ్రామరు!