ప్రయోజనం ఎవరిది? వరంగల్ కార్పొరేటర్ల నైతిక నియమావళిని తిరగరాయడానికి ఒక ప్రతిపాదన

స్థానిక సంస్థల్లో నైతికత మీద గత రెండు దశాబ్దాల్లో వచ్చిన రచనలు చదివినకొద్దీ నాలో అసంతృప్తి పెరుగుతూ వచ్చింది. దాదాపు అందరూ నిజాయితీ, నిష్పాక్షికత, జవాబుదారీతనం అంటూ మొదలుపెడతారు, అంబుడ్స్‌మన్ కావాలని ముగిస్తారు. మధ్యలో కౌన్సిల్ హాలు కనిపించదు, ఎజెండా కాగితం కనిపించదు. సీసీ రోడ్డు ఎవరి ఇంటి ముందు ఆగిపోయింది, ఎవరి వెంచర్ దాకా సాగింది అన్న ప్రశ్న అసలే కనిపించదు. వార్డు స్థాయిలో అధికారం బంధుత్వం గుండా ప్రవహిస్తుందని ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. మన పరిశోధకుల వ్యాసాల్లోకి మాత్రం ఆ సంగతి రాలేదు.

ఈ వ్యాసం వాదించేది ఒక్కటే. కార్పొరేటర్ల నియమావళిని తిరగరాయాలంటే ముందు ‘ప్రయోజనం’ అనేదాన్ని బంధుత్వం లెక్కన నిర్వచించాలి. ఆ ప్రయోజనాన్ని ఓటు వేయడానికి ముందే, అందరి ఎదుట, సభ్యుడే స్వయంగా ప్రకటించాలి. ఫిర్యాదులు, విచారణలు, శిక్షలు దాని తర్వాతి మాట.

ఇప్పుడున్నది ఏమిటి?

వరంగల్ 1994లో కార్పొరేషన్ అయింది, 2015లో గ్రేటర్ అయింది. పాతికేళ్ల పాటు దానికి వర్తించినవి, 1994 చట్టం ద్వారా, 1955 నాటి హైదరాబాద్ కార్పొరేషన్ చట్టంలోని నిబంధనలే. 2019లో తెలంగాణ మునిసిపాలిటీల చట్టం వచ్చి హైదరాబాద్ మినహా మిగిలిన నగరాలను, పట్టణాలను ఒక గొడుగు కిందికి తెచ్చింది. 2021 ఏప్రిల్ 30న 66 డివిజన్లకు ఎన్నికలు జరిగింది ఈ కొత్త చట్టం కిందే. నైతిక నియమావళి పేరుతో కార్పొరేటరు చేతికిచ్చే పుస్తకం మాత్రం లేదు. ప్రమాణ స్వీకారంలో ఒక వాక్యం, నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్, చట్టంలోని అనర్హతల జాబితా, లంచం తీసుకుంటే 1988 అవినీతి నిరోధక చట్టం. ఈ చెల్లాచెదురు ముక్కలను కలిపి చదువుకుంటే అదే నియమావళి.

ఈ ముక్కల్లో కీలకమైనది కాంట్రాక్టుల అనర్హత. 1955 చట్టం ప్రకారం కార్పొరేషన్‌తో జరిగే కాంట్రాక్టులో సభ్యుడికి తానుగా గానీ, తన భాగస్వామి ద్వారా గానీ, ప్రత్యక్షంగానో పరోక్షంగానో వాటా ఉంటే పదవి పోతుంది. ఈ భాష బొంబాయి మునిసిపల్ చట్టం నాటిది. వర్తకుల కంపెనీలు, భాగస్వామ్య పత్రాలు రాజ్యమేలిన నగరాన్ని మనసులో పెట్టుకుని రాసింది. హనుమకొండలోనో కాశిబుగ్గలోనో పని జరిగే తీరు వేరు. ఇక్కడ భాగస్వామ్య పత్రం ఉండదు, బావమరిది ఉంటాడు.

పరిపాలనా సంస్కరణల సంఘంతో పేచీ

మన రచయితలు ఈ విషయంలో ప్రమాణంగా చూపేది వీరప్ప మొయిలీ అధ్యక్షతన పనిచేసిన రెండో పరిపాలనా సంస్కరణల సంఘాన్ని. ‘పాలనలో నైతికత’ పేరుతో 2007 జనవరిలో వచ్చిన దాని నాలుగో నివేదిక విలువైనదే. మన తెలుగువాడు డాక్టర్ జయప్రకాశ్ నారాయణ సభ్యుడిగా ఉన్న సంఘం అది. పౌరుడి వైపు నుంచి ఆలోచించిన పేజీలు అందులో చాలా ఉన్నాయి. అయినా నా పేచీ ఆ నివేదికతోనే, ఎందుకంటే తర్వాత రాసినవాళ్లంతా దాని అడుగుజాడల్లోనే నడిచారు.

ఆ నివేదిక మంత్రులకు నైతిక చట్రం గీసింది, శాసనకర్తలకు గీసింది, సివిల్ ఉద్యోగులకు, నియంత్రణ సంస్థలకు, న్యాయవ్యవస్థకు కూడా గీసింది. కార్పొరేటరుకు, కౌన్సిలరుకు, సర్పంచికి మాత్రం అలాంటి అధ్యాయం లేదు. వాళ్ల కోసం అది చూపించింది స్థానిక సంస్థల అంబుడ్స్‌మన్‌ను. అంటే మంత్రి ఎలా నడుచుకోవాలో ముందే చెప్పాలి, సర్పంచి తప్పు చేశాక పట్టుకుంటే చాలు! 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చి పద్నాలుగేళ్లు గడిచినా, స్థానిక ప్రతినిధిని స్వయంగా నీతి పాటించగల పాలకుడిగా ఈ దేశపు మేధావులు చూడలేదు, పర్యవేక్షణ అవసరమైన కిందిస్థాయి మనిషిగానే చూశారు. ఆ చూపు ఆ నివేదికలో నిలువెల్లా ఉంది.

అంబుడ్స్‌మన్‌ మీద నాకు వ్యతిరేకత లేదు. కేరళ అనుభవం మెచ్చుకోదగ్గదే. కానీ అంబుడ్స్‌మన్‌ కదలాలంటే ఎవరో ఒకరు ఫిర్యాదు రాయాలి. వార్డులో ఫిర్యాదు రాసేది ఎవరు? ఇంటి నంబరు కోసం, నల్లా కనెక్షన్ కోసం, పింఛన్ కోసం రేపు పొద్దున అదే కార్పొరేటరు గుమ్మం ఎక్కాల్సిన మనిషి. ఢిల్లీలో కూర్చుని రాసిన నివేదికకు ఈ గుమ్మం కనిపించలేదు. రాజ్యసభ 1997లోనే నైతిక విలువల కమిటీ వేసుకుంది, సభ్యుల ప్రయోజనాలకు రిజిస్టరు పెట్టుకుంది. ఆ పద్ధతిని వార్డు దాకా తెద్దామన్న ఆలోచన రావాల్సింది ఆ సంఘానికే.

క్షేత్రంలో చూసినది

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక పురపాలక సంఘం సమావేశంలో నేను గమనించిన ఒక అంశం ఇక్కడ వివరంగా చెప్పాలి. ఊరు పేరు అనవసరం. ముద్రించిన ఎజెండా మూడు రోజుల ముందే సభ్యులకు అందింది. సమావేశం మొదలయ్యాక మరో రెండు పేజీలు పంచారు. దాన్నే టేబుల్ ఎజెండా అంటారు. అందులో ఒక సైడు కాలువ పని ఉంది. ఎస్టిమేటు అంకె ఉంది, సర్వే నంబరు లేదు. ఒక సభ్యుడు లేచి ఆ ప్రాంత ప్రజలు వానాకాలంలో పడే అవస్థ గురించి గట్టిగా మాట్లాడాడు. ఆ ప్రాంతంలో అప్పటికి ఇళ్లే లేవు. హద్దురాళ్లు పాతిన వెంచర్ ఉంది, అది ఆ సభ్యుడి భార్య తమ్ముడిది. హాల్లో ఉన్న సభ్యులకు తెలుసు, ఏఈకి తెలుసు, వెనక బెంచీ మీద కూర్చున్న విలేకరులకూ తెలుసు. బల్లలు చరిచారు. పుస్తకంలో ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని రాసుకున్నారు.

ఇందులో ఏ చట్టం ఉల్లంఘన జరిగింది? కాలువ కాంట్రాక్టరు వేరే మనిషి. సభ్యుడికి కాంట్రాక్టులో వాటా లేదు. లంచం చేతులు మారిందనడానికి ఆధారమూ లేదు. వెంచర్‌లో గజం ధర పెరిగింది, అంతే. ఈ ‘అంతే’ను పట్టుకునే నిబంధన మనకు లేదు. నేను కూర్చున్న ఏ సమావేశంలోనూ ఏ సభ్యుడూ లేచి, ఈ అంశంలో మా వాళ్ల ప్రయోజనం ఉంది, నేను చర్చలో పాల్గొనను అనడం వినలేదు. మన స్థానిక సంస్థల నైతిక సమస్యకు మూలం లంచం కంటే ఈ మౌనమే అని నేను నిర్ధారణకు వచ్చాను.

ఉత్తరమేరూరు చెప్పిన పాఠం

ప్రయోజన ప్రకటన పాశ్చాత్యుల పద్ధతి, మన సమాజానికి ఇమడదు అనే వాదన ఉంది. దానికి రాతిమీద చెక్కిన జవాబు ఉంది. కాంచీపురానికి దగ్గర్లోని ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుడి కాలంనాటి రెండు శాసనాలు, 919, 921 సంవత్సరాలవి, గ్రామసభ వారియాలకు, అంటే కమిటీలకు, సభ్యులను ఎన్నుకునే నియమాలను వివరిస్తాయి. తాటాకు మీద పేరు రాసి కుండలో వేసి తీసే కుడవోలై పద్ధతి గురించి పాఠ్యపుస్తకాల్లో అందరూ చదివిందే. మన పరిశోధకులు పట్టించుకోనిది అనర్హతల భాగం.

వారియంలో ఉండి లెక్కలు అప్పగించని మనిషి పేరు కుండలో వేయకూడదని ఆ శాసనం అంటుంది. అక్కడితో ఆగదు. ఆ మనిషి బంధువుల పేర్లూ వేయకూడదంటూ వరస పెట్టి చెబుతుంది: తల్లి అక్కచెల్లెళ్ల కొడుకులు, మేనత్త కొడుకులు, మేనమామ కొడుకులు, మేనమామలు, తండ్రి అన్నదమ్ములు, తన అన్నదమ్ములు, పిల్లనిచ్చిన మామ, భార్య అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల భర్తలు, మేనల్లుళ్లు, అల్లుడు, తండ్రి, కొడుకు. పదకొండు వందల ఏళ్ల కిందట ఒక గ్రామసభకు అధికారం ఏ దారుల్లో పారుతుందో ఇంత స్పష్టంగా తెలుసు. వారియం సభ్యుడు తన చేతికి మట్టి అంటకుండా బావమరిది చేతులతో పని చేయించగలడని ఆ సభ ఊహించింది, తలుపు ముందే మూసింది.

దీని పక్కన మన 2013 కంపెనీల చట్టాన్ని పెట్టి చూడండి. అందులో, దాని కింది నిబంధనల్లో ‘బంధువు’ అంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఉమ్మడి కుటుంబ సభ్యులు. భార్య తమ్ముడు లేడు, మేనమామ లేడు, మేనల్లుడు లేడు. తెలుగు నేల మీద మేనరికాలు, వియ్యాలు వ్యాపారాలను ఎలా కలిపి కుడతాయో తెలిసినవాళ్లెవరూ ఈ జాబితా సరిపోతుందనరు. ఉత్తరమేరూరు సభ భూమి ఉన్న బ్రాహ్మణ పురుషులది మాత్రమేనన్నది నిజం. ఆ పరిమితి నియమంలోని తెలివిని తగ్గించదు.

కాకతీయుల నేల మీద మరో ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం, తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును పూర్వపు రాజుల్లా జప్తు చేయనని, నిర్ణయించిన సుంకమే తీసుకుంటానని వర్తకులకు మాట ఇచ్చింది. తన చేతిని తానే కట్టుకుని, ఆ సంగతి అందరూ చదివేలా పాలకుడు రాయి మీద పెట్టాడు. బహిరంగ ప్రకటన ఓరుగల్లు రాజనీతిలోనే ఉంది. ఎక్కడి నుంచో అరువు తేవాల్సిన పని లేదు.

బయటి అనుభవం కూడా ఇదే వైపు చూపుతోంది. ఇంగ్లండు 2000 చట్టంతో కౌన్సిలర్లకు నమూనా నియమావళి తెచ్చింది, 2011 లోకలిజం చట్టంతో ఆ వ్యవస్థను విప్పేసింది. ఆర్థిక ప్రయోజనాన్ని దాచడం నేరమని చెప్పినా, కుటుంబం విషయంలో జీవిత భాగస్వామి దగ్గరే ఆగింది. 2019లో ప్రజా జీవన ప్రమాణాల కమిటీ నివేదిక వచ్చాక, 2020 డిసెంబరులో స్థానిక ప్రభుత్వాల సంఘం రాసుకున్న కొత్త నమూనాలో బంధువులు, సన్నిహితుల ప్రయోజనం మళ్లీ చేరింది. ఉత్తరమేరూరు దగ్గరకు తిరిగి రావడానికి వాళ్లకూ ఇన్నేళ్లు పట్టింది.

వరంగల్‌కు ఎందుకు అత్యవసరం?

2020 ఆగస్టు వరదల్లో నయీంనగర్ నీట మునిగింది. మంత్రి వచ్చి చూసి నాలాల మీది ఆక్రమణలు తొలగించాలని ఆదేశించారు. 2023 జులైలో మళ్లీ కాలనీలు మునిగాయి, పోతననగర్ దగ్గర భద్రకాళి చెరువు కట్ట తెగింది. గొలుసుకట్టు చెరువుల మీద కట్టుకున్న నగరంలో నీటి దారిని మూసేయడం రాత్రికి రాత్రి జరిగే పని కాదు. నాలా ఒడ్డున గోడ లేచాక ఇంటి నంబరు రావాలి, పన్ను కట్టించుకోవాలి, కరెంటు మీటరు రావాలి, ముందు సీసీ రోడ్డు పడాలి. ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు మావాడే అని ఒక మాట చెబుతారు. ఆ మాట రికార్డుకెక్కాలన్న నిబంధన ఇరవై ఏళ్ల కిందట ఉండి ఉంటే, నయీంనగర్ నాలా ఇంత ఇరుకయ్యేదే కాదని నా నిశ్చితాభిప్రాయం. రేపు మాస్టర్ ప్లాన్ రోడ్లు ఎవరి పొలాల పక్క నుంచి పోతాయన్నదానికీ ఇదే కొలబద్ద.

రాష్ట్రం పౌరుడి నుంచి ఏం అడుగుతోందో కూడా చూడాలి. 2020 టీఎస్ బీపాస్ చట్టం కింద 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు లోపు ఇల్లు కట్టుకునేవాడు తన పత్రాలు నిజమని తానే ధ్రువీకరించాలి. ఇంటి పన్నుకూ కొలతలు తానే ప్రకటించాలి, అబద్ధమైతే జరిమానా. ఉద్యోగి 1964 ప్రవర్తనా నియమావళి కింద ఏటా ఆస్తుల వివరాలు ఇవ్వాలి. ఇంటి యజమాని నోటి మాటను చట్టబద్ధం చేసిన ప్రభుత్వం ఆ ఇంటికి రోడ్డు మంజూరు చేసే ప్రతినిధిని గెలిచాక ఏమీ అడగకపోవడం అన్యాయం. పక్కనున్న కర్ణాటక 1976 కార్పొరేషన్ల చట్టంలోని 19వ సెక్షన్‌లో కార్పొరేటర్లు ఏటా ఆస్తులు ప్రకటించాలంది.

ఏం రాయాలి?

కొత్త నియమావళి నాలుగు పేజీలకు మించనక్కర్లేదు. మొదటిది, ఉత్తరమేరూరు వరసలో బంధువుల జాబితా, ఆడ మగ ఇరువైపులా. రెండోది, ప్రతి ఎజెండా అంశానికీ సర్వే నంబరు, డివిజన్, లబ్ధి పొందే వెంచర్ లేదా సంస్థ పేరు ఉండాలి. అంశం చదివిన వెంటనే ప్రయోజనం ఉన్న సభ్యులు చెప్పి హాలు దాటాలి, ఆ సంగతి తీర్మానాల పుస్తకంలోకి ఎక్కాలి. మూడోది, పనులను టేబుల్ ఎజెండాలో పెట్టకూడదు. నాలుగోది, సభ్యురాలి కుర్చీలో భర్త కూర్చోవడం, ఆమె బదులు అధికారులకు ఫోన్లు చేయడం ఉల్లంఘనగా పరిగణించాలి. పంచాయతీల్లో ఈ ‘పతి’ పాలన మీద కేంద్రం నియమించిన కమిటీ 2025లో కఠిన చర్యలే సూచించింది. సగం సీట్లు మహిళలవైన పట్టణాలకు అది ఇంకా అవసరం.

అమలు ఎవరి చేతిలో? 2019 చట్టం ప్రతి డివిజన్‌కు నాలుగు వార్డు కమిటీలు పెట్టింది: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు, ఒక్కోదాంట్లో పదిహేను మంది. 66 డివిజన్లకు లెక్క వేస్తే 3,960 మంది. ప్రయోజనాల రిజిస్టరును మూడు నెలలకోసారి ఈ కమిటీల ముందు గట్టిగా చదివి వినిపించాలి. ఏ వెంచర్ ఎవరి మేనల్లుడిదో ఆ వాడ వాళ్లకు తెలిసినంతగా ఏ విచారణాధికారికీ తెలియదు. ఒక్కరు లేవాల్సి వస్తే భయపడతారు, పదిహేను మంది కలిసి వింటున్నప్పుడు ఆ భయం పలచబడుతుంది. ప్రత్యర్థులు దీన్ని కక్షసాధింపుకు వాడుకోవచ్చన్న అభ్యంతరం ఉంది, కానీ ముందే ప్రకటించినవాడి మీద కక్ష తీర్చుకోవడానికి ఏమీ మిగలదు.

నియమావళిని ఉల్లంఘించిన సభ్యుడిని సస్పెండ్ చేసే అధికారం కలెక్టరు దగ్గర ఉండకూడదు. ఎన్నికైన మనిషిని అధికారి తొలగించే ఏర్పాటు ఉన్నంతకాలం నైతికత పేరుతో రాజకీయమే నడుస్తుంది. ఆ పని జిల్లా న్యాయమూర్తి స్థాయి వ్యక్తికి, గడువు పెట్టి, అప్పగించాలి.

దీనికి అసెంబ్లీ దాకా ఆగనక్కర్లేదు. గ్రేటర్ వరంగల్ కౌన్సిల్ ఒక తీర్మానంతో తనకు తానే ఈ నియమావళిని స్వీకరించవచ్చు. సభ్యులు తమ ప్రయోజనాలను తామే ప్రకటిస్తామంటే ఏ చట్టమూ అడ్డు చెప్పదు. ఆ తీర్మానం ఆమోదించిన మొదటి కార్పొరేషన్ మిగతా నగరాలకు దారి చూపుతుంది. అధికార వికేంద్రీకరణ ఈ రాష్ట్రంలో విఫలమైందనేవాళ్లకు అది ఇవ్వగల జవాబు ఏ నివేదికా ఇవ్వలేదు.