పహాణీలో ఎక్కని పేర్లు

ఈ పొలాల కథ ముగింపు అందరికీ తెలిసిందే. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ దాకా మెట్రోలో పోతే ఒక్క మడి కనబడదు. ఆ మడులు బతికున్నప్పటి ఆనవాలు పట్వారి రాతలో మిగిలింది. అదే 1954-55 నాటి ఖాస్రా పహాణీ. ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు ఎన్ని గుంటలు, తరియా (మాగాణి) ఖుష్కియా (మెట్ట), నీళ్లు చెరువువా బావివా, వేసిన పంటేది, పట్టా ఎవరిది. ఊరి బతుకంతా ఆ గళ్లలోనే.

ఇక్కడి పొలాలకు ప్రాణం సరూర్‌నగర్ చెరువు, కుతుబ్‌షాహీల కాలం నాటిది. తెల్లారకముందే నీరటి తూము దగ్గరికి పోయేవాడు, వంతు చూసి మడి మడికీ నీళ్లు మళ్లించేవాడు. ఎవరి వరి ఎండుతోందో, ఏ కాలువకు గండి పడిందో అతని కాళ్లకు తెలుసు. జీతగాళ్లు మోటకు ఎడ్లు కట్టేవారు. అప్పుకు కుదిరిన భాగేలా అయితే, తండ్రి బాకీ తీరకముందే కొడుకు నాగలి పట్టాలి. ఆ ఒప్పందాలకు హద్దులు పెడుతూ నిజాం సర్కారు 1936లో చట్టం తెచ్చింది. బాకీ మాత్రం దొర చిట్టాలోనే ఉండిపోయింది.

లెక్కలు ఇలా రాసుకున్నది ఇక్కడే కాదు. అంతర్యుద్ధానికి ముందు అమెరికా దక్షిణాది భూస్వాములు డైరీల్లో వానలూ పత్తి తూకాలూ రాసుకున్నారు, దున్నిన బానిసలను ఆస్తి లెక్కలో వేశారు. పహాణీలో ఇక్కడి వెట్టివాడికైతే గడే గీయలేదు.

మలుపు తిరగాల్సిన వేళలు రాకపోలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారుగా పేరెక్కితే దున్నేవాడు సొంతదారు కావడానికి దారి దొరికింది. ఎందరో పేరెక్కకముందే పొలం దిగిపోయారు. ఎక్కినవాళ్లలో కొందరు చదువు రాక, దొర మాట కాదనలేక ఆ హక్కు వదులుకున్నారు. హక్కు కాగితం చదివి వినిపించే మనిషి ఒక్కడు పక్కనుంటే! ఈ మాట అనుకోకుండా ఉండలేను.

ఆ తర్వాత అంతా తొందరగానే అయిపోయింది. ఎకరాలు గజాలయ్యాయి. చెరువులో మురుగు కలిసింది. ఆయకట్టు పోయాక నీరటితో పనేముంది? దిల్‌సుఖ్ రామ్ అనే జాగీర్దారు పేరు ఒక స్టేషన్ బోర్డు మీద నిలిచింది. ఎల్‌బీనగర్ బోర్డు మీద, జై కిసాన్ అన్న ప్రధాని పేరు. 2020 అక్టోబరు వానలకు చెరువు చుట్టూ కాలనీలు మునిగాయి, పాత పారకం ఎటో చెప్పే మనిషి లేడు.

ఖాస్రా పహాణీ నకళ్లకు ఇప్పటికీ గిరాకీ ఉంది. అడిగేది ప్లాటు తగాదాల వాళ్లు. వాళ్లు చూసేది పట్టాదారు గడినే.